మైకు ఆగినంతసేపు

ఏది ముందు జరిగిందో ఏది తర్వాతో చెప్పడంలో నేను కొంచెం తడబడవచ్చు. ఈ మధ్య నాకు అలా అవుతోంది. శనివారం సంగతి ఒకటి ఆదివారంలో కలిసిపోయి ఉంటే మన్నించండి. నాకు ఇది చెప్పినవాడు మా చెల్లెలి కొడుకు మధుకర్. జరిగింది వాడికే.

మధుకర్‌ది మంచి గొంతు. విజయవాడలో రేడియోలో కొన్నాళ్ళు పనిచేసి, అది మానేసి, నెల్లూరు కింద సముద్రం వైపు ఉప్పు నేలల్లో ఉన్న కార్ల రేసు ట్రాకులో మైకు పనికి కుదిరాడు. అక్కడ పరుగెత్తేవి మన రోడ్ల మీద తిరిగే కార్లు కావు. పైకప్పు ఉండదు. నాలుగు చక్రాలూ ఒంటికి ఎడంగా బయటికి పొడుచుకుని ఉంటాయి. మధ్యలో ఒక్క మనిషి, పడుకున్నట్టు కూర్చుంటాడు. కార్లన్నీ ఒకే అచ్చులో పోసినవి. లోపలి మనిషిలో బయటికి కనిపించేది హెల్మెట్ ఒక్కటే.

గ్యాలరీలో కూర్చున్నవాళ్ళకి కార్లు కళ్ళముందు ఉండేది రెప్పపాటు. ఆ మలుపు దాటాక ఏం జరిగేదీ మైకు చెబితేనే తెలుస్తుంది.

ఆ మైకు బెంజిమన్ మాస్టారిది. అంతకుముందు ఆయన గూడూరు స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చెప్పేవారు. రిటైరయ్యాక ఇక్కడికి వచ్చారు. ఆ అలవాటు పోలేదు. ఎవడు గెలిచినా, ఎవడి ఇంజను పొగలు కక్కినా, పాసింజరు బండి రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోందన్నట్టే చెప్పేవారు. ఇంకో అలవాటు కూడా ఉంది. ప్రతి రౌండుకీ, గ్యాలరీ ముందున్న గీత దాటిన ప్రతివాడి పేరూ చెప్పేవారు. మొదటివాడి దగ్గర్నుంచి ఆఖరివాడి దాకా.

మధుకర్‌కి అది నవ్వులాటగా ఉండేది.

"ఏంటి మాస్టారూ, బడిలో హాజరు పిలిచినట్టు? వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేవాడి పేరు ఎవరిక్కావాలి?"

"వచ్చాడుగా," అనేవారు మాస్టారు.



ఆ ఏడు మాస్టారి గొంతులో జీర మొదలైంది. డాక్టరు ఇక మైకు ముట్టుకోవద్దన్నాడు. ఆ శని, ఆదివారాలతో మానేస్తానని ఆయన ట్రాకు వాళ్ళకి చెప్పేశారు. ఆదివారం పొద్దున చిన్న రేసు, మధ్యాహ్నం పెద్ద రేసు. పెద్ద రేసుకి ఆయన ఎవరి చేతికి మైకు ఇస్తే ఇక ఆ కుర్చీ వాళ్ళది. ట్రాకు వాళ్ళు ఆ నిర్ణయం ఆయనకే వదిలేశారు. మధుకర్ ఆ కుర్చీ కోసమే కాచుకుని ఉన్నాడు. మద్రాసు నుంచి ఇంకొకతను కూడా వచ్చి పలకరించి వెళ్ళాడని తెలిసి, వాడికి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

అందుకే శనివారం పొద్దున రిహార్సలు పరుగులకి మాస్టారు మైకు ఇవ్వగానే, వాడు తన విద్యంతా చూపించాడు. డ్రైవర్ల హెల్మెట్ల రంగులు వాడికి నోటికి వచ్చు. దూరాన కారు చుక్కలా కనబడగానే పేరు చెప్పేసేవాడు. కావలి ఊరి లోహిత్‌ది పసుపుపచ్చ, నడుమ నల్ల గీత. ఇర్ఫాన్‌ది తెల్లది. వాడి మాటల వేగానికి గ్యాలరీలో కుర్రాళ్ళు ఈలలు వేశారు.

అంతలో అవతలి మలుపు దగ్గర దుమ్ము లేచింది. ఒక కారు గాల్లోకి లేచి, బోర్లా పడి, ఇసుకలో జారుకుంటూ పోయింది. పసుపుపచ్చ మెరిసింది.

"అయ్యో లోహిత్! పడిపోయింది లోహిత్ కారు! బోర్లా పడింది!"

ఆ మాట స్పీకర్లన్నిటిలోంచీ మోగింది.

అది లోహిత్ కాదు. ఇర్ఫాన్ హెల్మెట్ అద్దం పొద్దున్నే పగిలిపోతే, ఒకే జట్టు వాళ్ళు కాబట్టి, లోహిత్ తన రెండో హెల్మెట్ ఇచ్చాడు. లోహిత్ అప్పటికే కారుని ట్రాకు మీంచి షెడ్డులోకి తెచ్చి, నీడన నిలబడి సోడా తాగుతున్నాడు. ఇర్ఫాన్‌ని కూడా బయటికి లాగారు. మోచెయ్యి గీరుకుపోయిందంతే.

కానీ గ్యాలరీలో లోహిత్ వాళ్ళమ్మ ఉంది. కస్తూరమ్మ. ఆవిడ మెట్లమీంచి పరుగెత్తింది. కింది మెట్టు దగ్గర కాలు మెలికపడి, ఇనప కంచె మీద పడింది. మణికట్టు విరిగింది. నోట్లోంచి రక్తం కారుతున్నా, ఆ కంచె పట్టుకుని అవతలి మలుపు వైపే చూస్తోందట. కొడుకు వచ్చి ముందు నిలబడినా కాసేపటిదాకా గుర్తుపట్టలేదట.

మధుకర్ మైకులో, "చిన్న పొరపాటు, క్షమించాలి, మన లోహిత్ క్షేమం," అని చలాకీగానే సర్దాడు.  మాస్టారు మైకు తీసుకుని మిగతా పరుగులు తనే చెప్పారు.

సాయంత్రం స్పీకర్ల తీగలు చుడుతుంటే మధుకర్ ఉండబట్టలేకపోయాడు.

"మాస్టారూ, హెల్మెట్ అదే కదా. నా చోట ఎవరున్నా అదే పేరు చెప్పేవారు."

"అవును. హెల్మెట్ అదే."

"మరి నాది తప్పంటారా?"

మాస్టారు తీగ చుట్ట గోడకి తగిలించారు.

"రేపు పెద్ద రేసు నాదేనా? అదైనా చెప్పండి."

"రేపు పొద్దున నాతో రా," అన్నారు ఆయన.

మర్నాడు పొద్దున మాస్టారు మైకు గదివైపు నడవలేదు. గ్యాలరీ మెట్లెక్కారు. మధుకర్ వెనకాలే వెళ్ళాడు. నాలుగో వరసలో కస్తూరమ్మ కూర్చుని ఉంది. చేతికి సిమెంటు కట్టు, పెదవి వాచి ఉంది. మధుకర్ ఒక మెట్టు కిందే ఆగాడు.

"అమ్మా," అన్నారు మాస్టారు, "ఇతను మా మధుకర్. నిన్న మైకులో మాట్లాడింది ఇతనే. ఈ రేసుకి మీ పక్కన కూర్చుంటాడు."

అని దిగి వెళ్ళిపోయారు.

కస్తూరమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది.

"నువ్వేనా? ఆ గొంతు విని ఎవరో బొద్దుగా, మీసాలవాడు అనుకున్నా. ఏంది నాయనా, తిండి తినవా?"

 తిడుతుందనుకున్నాడు మధుకర్.

"కూర్చో. ఎండకి నిలబడతావెందుకు."

కూర్చున్నాడు. "అమ్మా, నిన్న..." అన్నాడు.

"నిన్న అయిపోయింది. ఎముక అతుక్కుంటుందంట. ఆ ఇర్ఫాన్ వాళ్ళమ్మకి నేనే ఫోన్ చేసి చెప్పా, నీ కొడుకు బాగున్నాడు తల్లీ అని. నువ్వు మాత్రం నా పక్కన కదలకుండా కూర్చో. రేసు మొదలైతే నాతో మాట్లాడొద్దు."

ఎర్ర దీపాలు వెలిగాయి. రేసు మొదలవబోతోంది, ఇంజన్ల రొదకి బల్లలు వణికాయి. మధుకర్ పక్కకి చూశాడు. కస్తూరమ్మ కళ్ళు మూసుకుని ఉంది.

"మీరు చూడరా అమ్మా?" అన్నాడు, వద్దన్నా వినకుండా.

"చూడలేను నాయనా. ఇంట్లో ఉండనూ లేను. ఇక్కడికొచ్చి ఇట్టా కూర్చుంటా. ఆ పెద్దాయన చెబుతాడు గదా. మా వాడు ఎప్పుడూ ఎనిమిదో తొమ్మిదో. వాణ్ణి ఎవరు తలుస్తారు? అయినా రౌండుకొకసారి చెబుతాడు. అప్పటిదాకా ఊపిరి బిగబట్టుకుంటా. ఇంక మాట్లాడొద్దు."

కార్లు ఒక రౌండు తిరిగి గీత దాటాయి. స్పీకరులో మాస్టారి గొంతు, జీరగా, నిదానంగా, ఒక్కొక్క పేరే చెప్పుకుంటూ పోయింది. ఎనిమిదో పేరు లోహిత్. కస్తూరమ్మ భుజాలు కిందికి దిగాయి. ఆఖరి పేరు చెప్పాక, పై వరసలో ఎవరో ముసలాయన ఫక్కున నవ్వి మనవడికి ఆ కారు వైపు చెయ్యి చూపించాడు.

మళ్ళీ రౌండు. మళ్ళీ పేర్లు. ఆవిడ భుజాలు లేవడం, దిగడం. మధుకర్ ట్రాకు చూడటం మానేశాడు. గ్యాలరీలోకి చూశాడు. కళ్ళు మూసుకున్నవాళ్ళు ఆవిడ ఒక్కతే కాదు. ఇంకొకావిడ చెంగు నోట్లో కుక్కుకుని నేలకేసి చూస్తోంది. చొక్కా జేబు పిడికిట్లో పట్టుకుని ఒకాయన ఆకాశంకేసి చూస్తున్నాడు. వాళ్ళంతా వింటున్నారు.

రేసు సగమైంది. అవతలి మలుపు దగ్గర దుమ్ము లేచింది.

మాస్టారి గొంతు ఆగిపోయింది.

స్పీకర్లలో చిన్న గురగుర తప్ప ఏమీ లేదు. మలుపు దగ్గర ప్రమాదమని పసుపు జెండాలు ఊపుతున్నారు. గ్యాలరీ అంతా లేచి నిలబడింది. కస్తూరమ్మ లేవలేదు. కళ్ళు తెరవలేదు. బాగున్న చేత్తో మధుకర్ ముంజేయి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"ఎవరు?" అంది. "నీకు కనపడతది గదా. ఎవరు?"

కార్లు నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మధుకర్ మెడ చాచాడు. పసుపుపచ్చ హెల్మెట్. నడుమ నల్ల గీత. ఆ కారు ట్రాకు గీత దాటి వెళ్ళిపోయింది.

నోటి చివరికి వచ్చింది మాట. మీ వాడు వెళ్ళాడమ్మా అని చెప్పెయ్యాలి. ఆవిడ ఊపిరి ఆడక అల్లాడిపోతోంది. ఒక్క మాట చెబితే చాలు.

నిన్న పేరు చెప్పిందీ ఆ హెల్మెట్ చూసే.

"తెలీదమ్మా," అన్నాడు.

ఆవిడ ఇంకా గట్టిగా పట్టుకుంది. మైకు పలకలేదు. ఎంతసేపో వాడికి తెలియదు. తన జీవితంలో అంత పొడుగు నిశ్శబ్దం వినలేదన్నాడు నాతో. రేడియోలో అయితే అంతసేపు ఊరుకున్నవాడి ఉద్యోగం ఊడుతుందట. పక్కన కుర్రాళ్ళు, "ముసలాయన నిద్రపోయాడేంట్రా, చెప్పడేం!" అని అరుస్తున్నారు. మధుకర్ ఆవిడ చేతిమీద తన చెయ్యి వేసి కూర్చున్నాడు.

అప్పుడు స్పీకరు పలికింది. పాసింజరు వస్తోందన్నట్టే, అదే మట్టంలో.

"మలుపు దగ్గర కారు ఆగింది. డ్రైవరు దిగాడు. నిలబడ్డాడు. నడుస్తున్నాడు." కాస్త ఆగి, "సెంథిల్ నడుస్తున్నాడు," అన్నారు.

పై వరసలో ఒక ఆడగొంతు భోరుమంది. ఆ వెంటనే మాస్టారు మిగతావాళ్ళ పేర్లు మొదలుపెట్టారు. లోహిత్ పేరు వచ్చింది. కస్తూరమ్మ మధుకర్ చెయ్యి వదిలింది. కళ్ళు తెరిచింది. కొడుకు కారు ఎదురుగానే పోతున్నా అటు చూడలేదు. వెనక్కి తిరిగి, ఏడుస్తున్నది ఎవరా అని వెతుక్కుంటూ, కట్టు చేతిని గుండెకి ఆనించుకుని పైమెట్లు ఎక్కింది.

చిన్న రేసు అయిపోయాక మధుకర్ మైకు గదికి వెళ్ళాడు. మాస్టారు గోరువెచ్చని నీళ్ళు పుక్కిలిస్తున్నారు. టైము చూసే ఫణి, "ఏమయ్యా, మీ గురువుగారు ఇవాళ మమ్మల్ని చంపేశారు. ట్రాకు పెద్దలు మూడుసార్లు ఫోను చేశారు, మైకు పాడైందా అని," అన్నాడు.

"అతను దిగాడని మీకు ముందే కబురొచ్చిందా?" అని అడిగాడు మధుకర్.

"వచ్చింది," అన్నాడు ఫణి. "పేరు కూడా వచ్చింది. అయినా ఆయన చెబితేగా!"

మధుకర్ మాస్టారి వైపు తిరిగాడు.

"మరి ఎందుకు ఆగారు మాస్టారూ?"

"వాళ్ళమ్మ ఉంది గదా పై వరసలో," అన్నారు మాస్టారు. "నడిచేదాకా ఆగాను."

 మధుకర్ కుర్చీ మాట ఎత్తలేదు. కిందికి దిగి వెళ్ళాడు. పెద్ద రేసుకి కార్లు సర్దుతున్నారు. ప్రతి కారు దగ్గరా వంగి, హెల్మెట్ అద్దం పైకెత్తించి, లోపలి ముఖం చూసి, పేరు అడిగి, ఆ పేరు వాళ్ళకే ఒకసారి తిరిగి చెప్పాడు. కొందరు నవ్వారు. "ఏంటన్నా, పెళ్ళిచూపులా?" అన్నాడు ఇర్ఫాన్. వాడి హెల్మెట్ ఇప్పటికీ పసుపుపచ్చదే.

పైకి వచ్చేసరికి మైకు గదిలో కుర్చీ ఖాళీగా ఉంది. మైకు బల్లమీద ఆన్‌లోనే ఉంది. ఫణి గ్యాలరీ వైపు చెయ్యి చూపించాడు.

నాలుగో వరసలో కస్తూరమ్మ పక్కన మాస్టారు కూర్చుని ఉన్నారు. ఆవిడ ఆయనకేదో చెబుతోంది. ఆయన తల ఊపుతున్నారు. తర్వాత ఇద్దరూ మాటలాపి ముందుకి తిరిగారు.

ఎర్ర దీపాలు వెలిగాయి. ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు.

మధుకర్ కూర్చుని, మైకు దగ్గరికి లాక్కున్నాడు.

మధూ, ఇది అచ్చుకి పంపే ముందు పేర్లు ఒకసారి చూడు నాయనా. లోహితో, రోహితో. ఆ ఇసుకలో నడిచినవాడు సెంథిలేనా? ముందువెనకలు ఎలా ఉన్నా ఉండనీ. పేర్లు మాత్రం నువ్వు చూడు.