చెరగనివాటికి ఇరవయ్యొక్క మాటలు

శోభనాద్రి మాస్టారికి కూతురి మొహం గుర్తు రావడం మానేసింది.

పాప పోయి తొమ్మిదేళ్ళయింది. పోయేనాటికి దానికి పది నెలలు. ఫొటో అయినా లేదు, ఏడాది నిండాక తీయిద్దాంలే అనుకున్నారు. మొదట్లో కళ్ళు మూసుకుంటే చాలు, ఎదురుగా కూర్చుని నవ్వేది. తర్వాత్తర్వాత కలల్లో మాత్రమే వచ్చేది. ఇప్పుడు కలలో కూడా వీపే కనిపిస్తోంది, ఎంత పిలిచినా ఇటు తిరగదు. తండ్రినై ఉండి బిడ్డ మొహం మరిచిపోయానే అని ఆయన లోలోపల కుమిలిపోయారు. భార్యకు చెప్పలేదు. ఆవిడకు గుర్తుందేమోనని ఒక భయం, ఆవిడకీ గుర్తులేదేమోనని ఇంకో భయం.

ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తారు. కష్టమొచ్చినప్పుడు ఎవరైనా తమకు తెలిసిన తలుపే కదా తట్టేది. మాస్టారు నిఘంటువు తెరిచారు. చెరిగిపోనిదానికి, ఎప్పటికీ నిలిచి ఉండేదానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో వెతికి ఒక నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టారు. ఇన్ని మాటలున్నాయంటే అలాంటిదేదో లోకంలో ఎక్కడో ఉండే ఉంటుందని ఆయన ఆశ. లేనిదానికి ఎవరైనా ఇన్ని పేర్లు పెడతారా?

ఇరవయ్యొక్క మాటలు అయ్యాక, ఒక ఆదివారం ఆ పుస్తకం పట్టుకుని గురువుగారి దగ్గరికి బయల్దేరారు.

గురువుగారు కాసిం షా. సముద్రం ఒడ్డున ఉప్పుమడుల మధ్య ఉంటారు. ఒక గది, దాని ముందు పొడుగాటి తాటాకు వసారా, అంతే ఆయన ఆశ్రమం. మడుల్లో ఉప్పు లాగి పోగుచేసే ఆడవాళ్ళు పొద్దున్నే పసిపిల్లల్ని తెచ్చి, ఆ వసారాలో చీర ఉయ్యాలల్లో పడుకోబెట్టి పనిలోకి దిగుతారు. వాళ్ళకు ఆయన పిల్లల్ని చూసుకునే పకీరు తాత. ఆయన గురువని వాళ్ళలో ఎవరికీ తెలియదు, ఆయన చెప్పనూ లేదు. మాస్టారు మాత్రం మూడేళ్ళుగా వచ్చి ఆయన ముందు కూర్చుంటున్నారు. ఉయ్యాలలున్న వైపు తలెత్తి చూడరు.

ఆ మధ్యాహ్నం మడుల్లో నీళ్ళు కదలడం లేదు. ఆకాశం పైనా ఉంది, కిందా ఉంది. దూరంగా ఆడవాళ్ళు మబ్బుల మీద వంగి పని చేస్తున్నట్టు కనిపిస్తున్నారు. గట్టు మీద నడుస్తుంటే, తను మేలుకునే ఉన్నానా అని మాస్టారికే అనుమానం వచ్చింది.

ఆయన చెప్పుకున్నదంతా షా గారు విన్నారు. తర్వాత, "ఏవీ ఆ మాటలు, చదవండి" అన్నారు.

"పర్మనెంట్."

"అది నాకూ తెలుసు. మీ డ్రిల్లు మాస్టారు పర్మనెంటు అయ్యానని లడ్డూలు పంచాడుగా. ఎట్లా ఉన్నాడు?"

మాస్టారు తడబడ్డారు. "మూడో నెలలోనే కాలం చేశాడు బాబా."

"అల్లా! ఊఁ, తర్వాతది?"

"ఇండెలిబుల్. అంటే తుడిచినా పోనిది."

"చాకలి పెట్టే జీడిగుర్తు లాంటిదా?"

"అవునండి, అచ్చం అలాంటిదే."

"మరి బట్ట చిరిగిపోతే?"

మాస్టారు పేజీ తిప్పారు. ఎటర్నల్ చదివారు, ఎవర్‌లాస్టింగ్ చదివారు, ఇంపెరిషబుల్ చదివారు. పదమూడో మాట దగ్గర ఉయ్యాలలో ఒక పిల్ల ఏడుపు లంకించుకుంది.

మడిలోంచి ఒక కేక వినబడింది. "తాతా! మా పిల్లేనా ఏడిసేది?"

"నీ పిల్లేనమ్మా నాగులూ! నీ పని నువ్వు చూసుకో, నేనున్నా!" అని షా గారు లేచి బిడ్డను ఎత్తుకొచ్చారు. అది ఆగలేదు. "నమాజు వేళయింది. కాస్త ఎత్తుకోండి మాస్టారూ."

"నా వల్ల కాదు బాబా. ఆ రోజు నుంచీ నేను ఏ బిడ్డనీ..."

మాట పూర్తి కానివ్వలేదు షా గారు. నోటుబుక్కు తీసి పక్కన పెట్టి, ఆ చేతుల్లో బిడ్డను పెట్టి, కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి కుండ దగ్గరికి వెళ్ళిపోయారు.

మాస్టారు కొయ్యబారి నిలబడ్డారు. బిడ్డ ఏడుస్తూనే ఉంది. ఏం చేయాలో ఆయనకు తోచలేదు. ఆలోపే బిడ్డ ఎడమ భుజం మీదికి చేరింది, ఎవరు చేర్చారో తెలియదు. కుడి అరచేయి దాని వీపు మీద జోకొట్టసాగింది, రెండుసార్లు మెల్లగా, ఒకసారి కాస్త గట్టిగా. కాళ్ళు కదిలాయి. నాలుగడుగులు వేసి తిరిగారు. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ తిరిగారు. నోట్లోంచి ఏదో కూనిరాగం వస్తోంది, మాటలు లేవు. తాటాకు సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ఇద్దరి మీదా పడుతోంది. ఎంతసేపు నడిచారో ఆయనకు తెలియదు.

షా గారు నమాజు ముగించుకుని వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. బిడ్డ ఎప్పుడో నిద్రపోయింది.

"మాస్టారూ."

"ఊఁ."

"వసారా ఆ చివరిదాకా ఉంది. మీరేమో నాలుగడుగులకే తిరుగుతున్నారు. అక్కడ గోడేం లేదుగా?"

మాస్టారు ఆగి చూశారు. నిజమే, గోడ లేదు. నేల అలా సాగిపోయి, దాని తర్వాత ఉప్పు, దాని తర్వాత సముద్రం.

పాప పుట్టినప్పుడు వాళ్ళది ఒకే ఒక్క గది. ఇటు ట్రంకుపెట్టె, అటు గోడ, మధ్యలో నాలుగడుగులు. దానికి నిద్ర పట్టేదాకా మాస్టారు భుజాన వేసుకుని ఆ నాలుగడుగుల్లోనే తిరిగేవారు. ఆ ఇల్లు గాలివానకు కూలిపోయి ఏడేళ్ళు దాటింది. గోడ మట్టి కూడా వానల్లో కొట్టుకుపోయింది.

మాస్టారికి కన్నీళ్ళు ఆగలేదు. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

"మొహం ఇప్పటికీ గుర్తు రాలేదు బాబా" అన్నారు.

"ఆగితే బిడ్డ లేస్తుంది, నడవండి" అన్నారు షా గారు.

మాస్టారు నాలుగడుగులు వేసి, తిరిగారు.