పేరంటాలమొగ: ఎరుపుతెలుపుల అమ్మవారి వృత్తాంతం

పూర్వం కళింగసీమలో చిట్టేరు సముద్రంలో కలిసే చోట అద్దకాలరేవు అనే పట్టణం ఉండేది. ఏరు సముద్రంలో పడే ముఖాన్ని మొగ అంటారు గనుక, ఇప్పుడు మనం పేరంటాలమొగ అని పిలుచుకుంటున్నది ఆ ఊరినే. చిట్టేటి నీళ్లలో ఉతికిన ఎరుపు ఎంత ఎండకైనా వెలవదని ప్రసిద్ధి కలగడంచేత, చిరివేరు ఉడికించి బట్టకు రంగు దించే అద్దకపువాళ్లు తరతరాలుగా అక్కడే స్థిరపడి, తమ వస్త్రాలను ఓడలకెక్కించి తూర్పు సముద్రానికి ఆవలనున్న యవద్వీపందాకా పంపుతూ ఉండేవారు.

ఆ కాలాన యవద్వీపాన్ని ఏలే చక్రవర్తుల రాజధాని పేరు మజాపహిత్. వాళ్ల మాటల్లో దానికి చేదు మారేడు అని అర్థమట. అడవి కొట్టి ఊరు కడుతున్న రోజుల్లో ఎవరో ఆకలికి తాళలేక మారేడుకాయ కొరికి మొహం చిట్లించుకున్నారనీ, ఆ చేదే మహాసామ్రాజ్యానికి పేరై నిలిచిందనీ చెబుతారు. మనం మారేడును శివుడి శిరస్సున పెట్టి దండం పెట్టుకోవడమే గాని కొరికి చూసే సాహసం చేయలేదు. అందుకే కాబోలు, మన రాజధానులకు అంత నిజాయితీగల పేర్లు రాలేదు.

ఆ చక్రవర్తుల పతాకం ఎరుపు పట్టె కింద తెలుపు పట్టె, తెలుపు కింద మళ్లీ ఎరుపుగా సాగి, నడుమ ఎనిమిది కోణాల సూర్యబింబంతో వెలిగేది. బింబం మధ్యన శివుడు, కోణానికొక దిక్కు, దిక్కుకొక దేవుడు, దేవుడికొక వర్ణం. తూర్పుది తెలుపు, దక్షిణానిది ఎరుపు, ఉత్తరానిది నలుపు. ఎరుపు తల్లి ఇచ్చిన నెత్తురనీ తెలుపు తండ్రి ఇచ్చిన బీజమనీ, ఆ రెండూ కలిస్తేనే ప్రాణి పుట్టినట్టు రాజ్యమూ పుట్టిందనీ వారి విశ్వాసం. అందువల్ల ఆ పతాకానికి సూది తగలరాదు, అతుకు ఉండరాదు, ఒకే నేతలో రెండు వన్నెలూ పలకాలి. అమ్మానాన్నలను ఎవరైనా సూదీదారంతో కుట్టి కలుపుతారా అని వాళ్లు అడిగితే కాదనడానికి మనకూ మాట దొరకదు.

అటువంటి పతాకాన్ని అద్దించుకోవడానికి వీరకీర్తి అనే రాజప్రతినిధి ఒక సంవత్సరం పెద్ద ఓడ వేసుకొని అద్దకాలరేవుకు వచ్చాడు. ఆయన ఈ రేవుకు పాతకాపే, మన భాషను ఇక్కడి వర్తకుల దగ్గరే నేర్చుకున్నవాడు, స్వభావంచేత చెడ్డవాడు కాడు. కాని చక్రవర్తి వన్నెలను అద్దే ఇంటి యజమాని, పని ముగిసి పతాకం ఏ దోషమూ లేకుండా ఓడ కొయ్యమీద ఎగిరి, ఓడ మొగ దాటేవరకు, ఓడలోనే బందీగా ఉండాలన్నది ఆ కొలువు కట్టడి. మరో రాజుకు దొంగచాటుగా ఇంకొక పతాకం అద్దకుండా అదొక జాగ్రత్త. మొగ దాటాక దారి చూపే నావలో అతణ్ణి తిరిగి ఒడ్డుకు పంపేవారు. దోషం బయటపడితే మాత్రం సముద్రం దాటించి చక్రవర్తి ముందుకే తీసుకుపోయేవారు.

పని ఒప్పుకున్న అద్దకపువాడు బొల్లన, అతని భార్య కామసాని. బొల్లన ఓడ ఎక్కాడు. కామసాని ఒక్కతే చేటంత మంచం కూడా పట్టని ఇంటి ముందు పందిరి వేసి, గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, తెల్లగా నిలవవలసిన చోటల్లా కరిగించిన మైనం పూసి, చిరివేరు కాగులో ముంచి, ఏట్లో ఉతికి, ఇసుకలో ఆరవేసి, మళ్లీ ముంచింది. మైనం ఒక్కచోట పగిలినా ఎరుపు తెలుపులోకి పారుతుంది, తన మగడు సముద్రంలోకి పోతాడు. ఈ ఆలోచనతోనే ఆమె తిన్నది, ఈ ఆలోచనతోనే పడుకున్నది. చివరికి మైనం కరిగించి తీసి, బట్టను ఎండకు పరిచినప్పుడు, ఎరుపూ తెలుపూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కూడా ఒకదానిలోకి ఒకటి పోకుండా నిలిచి, నడుమ సూర్యుడు ఎనిమిది దిక్కులకూ కోణాలు చాచి మెరిశాడు. అలాంటి అద్దకం ఆ ఏటి ఒడ్డున అంతకుముందు ఎవరూ చూడలేదు.

కామసాని దాన్ని కంటినిండా చూసింది. చూసి, ఏమీ ఆలోచించకుండా, కంటి కాటుక వేలికి తీసి, అట్టడుగు తెల్లపట్టె అంచున చిన్న చుక్క పెట్టింది. మన ఆడవాళ్లలో ఎవరైనా చేసే పనే అది. పైగా కామసాని తొలిచూలు బిడ్డను ఒకనాడు దిష్టిచుక్క పెట్టకుండానే తిరునాళ్లకు ఎత్తుకెళ్లి, జ్వరం తగిలించుకొచ్చి, వారం తిరగకముందే పోగొట్టుకుంది. ఆనాటినుంచి ఆమె చేతిలోంచి అందమైనదేదీ చుక్క లేకుండా గడప దాటలేదు.

మరునాడు ఉదయం రేవు ఇసుకమీద పతాకం విప్పి, వీరకీర్తి మోకాళ్లమీద కూర్చొని, పట్టె పట్టెనూ వేలితో తడుముతూ మెచ్చుకుంటూ వచ్చాడు. అంచు దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఇదేమిటి?" అన్నాడు.

"దిష్టిచుక్క బాబూ," అంది కామసాని. "అందం అలాగ ఒలికిపోతంటే ఒట్టినే ఎలాగొదిలెయ్యను?"

"అమ్మా, ఇది మా ప్రభువు తెలుపు. తెలుపు మీద నలుపు పడితే ఉత్తరదిక్కు తూర్పుదిక్కు మీద తిరగబడిందని మా శకునం. దీనితో నేను ఆ గడప తొక్కితే నా తల నిలవదు. నీ మగని తల నాకంటే ముందు పోతుంది. గాలి ఈపూటే మళ్లుతోంది, ఇంకొకటి అద్దే వ్యవధి లేదు. కడిగెయ్యి."

"ఆ చుక్క ఉంటేనే గుడ్డకీ ఓడకీ చలవ బాబూ. మా మావ అందులోనే ఉన్నాడు గదా. ఉండనీండి."

"అతను అందులో ఉన్నాడు గనుకనే చెబుతున్నాను," అన్నాడు వీరకీర్తి. ఆ మాటలో బెదిరింపు కన్నా భయమే ఎక్కువగా ఉంది.

కామసాని ఓడవైపు చూసింది. బొల్లన అంచు పట్టుకొని నిలబడి ఇటే చూస్తున్నాడు. ఆమెకు అప్పుడు కలిగిన సంకటం పగవాళ్లకు కూడా వద్దు. చుక్క ఉంచితే మగడు చక్రవర్తి కత్తికి పోతాడు, తుడిస్తే జనం కంటికి పోతాడు. ఇంత చవుడు మట్టి, నిమ్మరసం తెచ్చుకొని, ఏట్లో మోకాళ్లలోతున నిలబడి, తన చేతులతోనే ఆ చుక్కను కడిగింది. "ఒక్క మాట బాబూ," అని మాత్రం వేడుకుంది. "ఊరందరూ చూస్తండగా ఎత్తకండి. మడతపెట్టే పట్టుకెళ్లండి." వీరకీర్తి తల అడ్డంగా ఊపాడు. స్వీకరించిన పతాకాన్ని ఎత్తకుండా దాచడం ప్రభువును దాచడమేనట.

మధ్యాహ్నం ఓడ లంగరు తీసింది. రేవంతా జనం. పతాకం కొయ్య కొసకు చేరి ఒక్కసారిగా విచ్చుకొని, ఎరుపుతెలుపులు ఎండలో భగ్గుమనేసరికి, ఊరు ఊరంతా నోరు తెరిచి "అబ్బ!" అంది. ముసలివాళ్లు, చంటిపిల్లలు, పొరుగురేవుల వర్తకులు, రంగు కుదరక ఆ యేడు నష్టపోయిన తోటి అద్దకపువాళ్లు, అందరి కళ్లూ ఆ గుడ్డకే అతుక్కుపోయాయి. ఆ చూపుల్లో మెచ్చుకోలు ఎంతో, ఓర్వలేనితనం ఎంతో ఎవరు వేరుచేయగలరు?

అంతలో గాలి పడిపోయింది. తెరచాపలు వేలాడిపోయాయి. ఏటి ఉరవడి ఓడను పక్కకు తిప్పి, మొగకు నట్టనడుమ ఉన్న ఏనుగురాయి మీదికి ఈడ్చుకుపోసాగింది. దారి చూపే నావవాళ్లు తాళ్లు విసిరారు, తాళ్లు తెగాయి. తెడ్లు వేశారు, తెడ్లు విరిగాయి. ఓడలో ఏడుపులు లేచాయి. కొయ్యమీద పతాకం ఒక్కటే, తనకేమీ పట్టనట్టు, అందంగా వేలాడుతోంది. ఒడ్డునున్న జనం అప్పటికీ కళ్లు దానిమీంచి తిప్పుకోలేదు.

కామసాని ఇంకెవరినీ ఏమీ అడగలేదు. నీళ్లలోకి ఉరికి, ఆటుకు తేలిన ఇసుకమేట మీదుగా పరుగెత్తి, ఆపైన ఈదుకుంటూ ఏనుగురాయిని పట్టుకొని పైకెక్కింది. పతాకం ఆమెకు అందదు. దిష్టిచుక్క చేసే పని చూపును తనవైపుకు లాక్కోవడమే గనుక, ఆమె రెండు కళ్ల కాటుకా నిలువునా తీసి, నల్లని అరచేత్తో ఆ రాతి నుదుట అద్ది, ఒడ్డువైపు తిరిగి గొంతు చించుకొని అరిచింది.

"ఇటు చూడండి! అందరూ నన్ను చూడండి! దానికేసి చూడకండి, నాకేసి చూడండి!"

"కామీ, దిగిపో!" అని ఓడమీంచి బొల్లన కేక పెట్టాడు. "ఓడ మీదికొచ్చేస్తంది, దూకెయ్యే!"

ఆమె దూకలేదు. జుట్టు విరబోసుకొని, రాతిమీద తడిబట్టతో నిలబడి పిలుస్తున్న ఆ ఆడమనిషిని చూడకుండా ఉండటం ఎవరి తరం? ఊరి చూపంతా పతాకాన్ని వదిలి ఒక్కసారిగా ఆమె మీద పడింది. ఆ క్షణాన పిడుగు పడినట్టు చప్పుడై, ఏనుగురాయి నడినెత్తినుంచి నీళ్ల అడుగుదాకా రెండుగా చీలింది. చీలికలోంచి ఏరు ఉరికి, పడిపోయిన గాలి లేచి, ఓడ ఒక్క గీరు కూడా పడకుండా ఆ సందులోంచి సముద్రంలోకి జారింది. కామసాని మాత్రం అవతల తేలలేదు. ఎంతమంది మునిగి వెతికినా దొరకలేదు.

వీరకీర్తి ఓడ ఆపించాడు. చక్రవర్తి ఆజ్ఞ లేకుండా దించరాని పతాకాన్ని తన చేతులతో దించి, బొల్లనను వెంటబెట్టుకొని చిన్న నావలో తిరిగి వచ్చి, చీలిన రాళ్లు రెంటికీ కలిపి ఆ ఎరుపుతెలుపుల వస్త్రాన్ని చీరలాగ చుట్టబెట్టాడు. సూర్యబింబం రెండు రాళ్ల నడుమకు, చీలిక మీదికి వచ్చింది. సముద్రాలు దాటి పరాయి రేవులో తలెత్తుకు తిరిగిన ఆ రాజప్రతినిధి, అద్దకపుటింటి ఆడమనిషికి మోకాళ్లలోతు నీళ్లలో సాష్టాంగపడ్డాడు. వట్టి చేతులతో తన దేశం చేరాక ఆయనకు ఏ గతి పట్టిందో మనకు తెలియదు. ఆయన మళ్లీ ఈ రేవుకు రాలేదు.

ముత్తైదువగా పోయి దేవత అయినామెను పేరంటాలు అంటారు గనుక, ఆనాటినుంచి ఊరు పేరంటాలమొగ అయింది. ఇప్పటికీ చీలికకు ఒకవైపు రాయి కెంపుగానూ, రెండోవైపు రాయి పాలనురుగు రంగుగానూ కనిపిస్తాయి. మాఘమాసపు జాతరలో అద్దకపువాళ్లు ఎరుపుతెలుపు పట్టెల చీర ఒకే నేతలో, సూది తగలకుండా అద్ది అమ్మవారికి కడతారు. చేపల పడవలు సందులోంచి పోయేటప్పుడు గట్టిగా మాట్లాడేవాళ్లు కూడా మాట ఆపి తలవంచుతారు.

కొత్తగా వచ్చినవాళ్లకు అక్కడ ఒక్కటే వింతగా తోస్తుంది. లోకంలో ఏ గ్రామదేవతకైనా చెవులదాకా కాటుక దిద్దుతారు గదా, రాతిమీద అమర్చిన ఈ అమ్మ కళ్లకు మాత్రం కాటుక పెట్టరు. మొక్కులవాళ్లు తెచ్చిన కాటుక భరిణెలను పూజచేసే ముసలమ్మ తీసుకొని, పిల్లల బుగ్గలకు చుక్కలు పెట్టి పంపేస్తుంది. అమ్మకెందుకు పెట్టరని అడిగితే ఆమె చెప్పే మాట తరతరాలుగా ఒక్కటే.

"పెట్టకూడదు బాబూ. పెడితే మళ్లీ ఎవరికోసమో తుడిచిచ్చేసి, మళ్లీ నీళ్లలోకి దిగిపోతాది."