హులిగెప్ప మూర

పూల అంగడి హులిగెప్పకు మెట్లంటే భయం పట్టుకుంది.

ఊరికే పట్టుకోలేదు. పోయిన ఉగాదికి వాళ్ళన్న నలభై నాలుగేళ్ళకే, మిద్దె మెట్లు ఎక్కుతూ ఎక్కుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. అన్నదీ ఇదే ఒళ్ళు, ఇదే ఆయాసం. హులిగెప్పకు ఇప్పుడు నలభై రెండు. లేక లేక పుట్టిన కూతురు నాగవేణికి మూడేళ్ళు. ‘ఎత్తుకో నాయనా’ అని ఆ పిల్ల చేతులు చాపితే, వంగేసరికే ఆయనకు ఊపిరి అందదు.

మనిషి భారీ మనిషి. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పీట మీద కూర్చుని మాలలు కట్టడం, కొలిచి ఇవ్వడం. ఆదోని ఆడవాళ్ళంతా ఆయన అంగడి ముందే మూగుతారు. ఎందుకు మూగరు? ఎవరి చేతికైనా మూరంటే మూరే, ఈయన చేతికి అది మూరంపావు.

ఒళ్ళు తగ్గడానికి ఆయన చెయ్యని పని లేదు. పహిల్వాన్ చెప్పాడని మూడు రోజులు బస్కీలు తీసి నాలుగో రోజు మంచమెక్కాడు. ఎవరో చెప్పారని పది రోజులు కషాయం మీదే ఉండి, పదకొండో రోజు పెళ్ళి భోజనంలో విస్తరి ముందు నుంచి లేవనంటే లేవనన్నాడు. తగ్గింది ఇంత, పెరిగింది అంత.

ఇక గురువే దిక్కనుకున్నాడు.

గురువంటే తత్వాలు పాడే తాయమ్మవ్వ. గాలికొండ కింద గుడిసెలో ఉంటుంది. డెబ్బై దాటిన బక్కపల్చని మనిషి. రోజూ కోడి కూతకే కొండ మెట్లెక్కుతుంది, శిష్యులతో కలిసి పొద్దు పొడవడం చూసి దిగుతుంది. రోజు మొత్తానికీ ఆమె తినేది పిడికెడు కొర్రల బువ్వ.

గురువు నడిచిందే శిష్యుడి దారి అనుకున్నాడు హులిగెప్ప. ఎవరికీ చెప్పలేదు. అవ్వ చేత పిడికెడు కొర్రలు పోయించుకుని, ఆ కొలతకు సరిగ్గా సరిపోయే గిన్నె వెతికి తెచ్చుకున్నాడు. రోజుకు ఆ గిన్నెడు బువ్వే. తెల్లవారుజామునే అవ్వ వెనకాల కొండ.

తొమ్మిదో రోజు సగం కొండలో కళ్ళు తిరిగి పడ్డాడు. నలుగురు శిష్యులు మోసుకొచ్చి గుడిసె ముందు పడుకోబెట్టారు.

అవ్వ అంబలి తాగించింది. కాస్త తేరుకున్నాక ఆయన బావురుమన్నాడు. “నా వల్ల కాదవ్వా. మాయన్న పోయిన దారే నాది కూడా. నా బిడ్డ గతి ఏమి?”

“ఏం తింటాండావప్పా నువ్వు?”

చెప్పాడు. గిన్నె కొలత కూడా చెప్పాడు. శిష్యులు కిసుక్కున నవ్వారు. అవ్వ నవ్వలేదు.

“లేసి నిలబడు. జేబులో పూల దారముందా?”

ఉంది. ఆయన నిలబడితే ఆమె తల ఆయన భుజం దగ్గరికే వచ్చింది. రాయి ఎక్కి, నడినెత్తి నుంచి కాలి మడమ దాకా దారం పట్టి తెంపింది. దాన్ని తన మూరతో కొలిచింది. నాలుగున్నర దాటింది. “ఇప్పుడు నీ చేత్తో కొలువు” అంది. ఆయన కొలిచాడు. నాలుగుకు కాస్త తక్కువ.

తర్వాత అవ్వ తన ఎత్తుకు ఇంకో దారం తెంపి, తన మూరతోనే కొలుచుకుంది. అదీ నాలుగుకు కాస్త తక్కువే.

“పూలు ఎవరి మూరతో అమ్ముతావప్పా?”

“నా మూరతోనే అవ్వా.”

“మరి బువ్వ ఎవరి పిడికిలితో తింటాండావు?”

హులిగెప్ప తన పిడికిలి బిగించి చూసుకున్నాడు. అవ్వ లోపలికి పోయింది.

మర్నాడు ఆ గిన్నె పక్కింటి వాళ్ళకిచ్చేశాడు. తన పిడికిలితో మూడు పిడికిళ్ళు వండించుకున్నాడు. మూడు చాలకపోతే, సిగ్గుపడకుండా ఇంకో అర. కొండ మాత్రం మానలేదు. తత్వం పాడుకుంటూ ఎక్కేవాడు. ఊపిరందక పాట తెగిన మెట్టు మీద కూర్చుని, అక్కణ్ణుంచే దిగేవాడు. ఒక్కోరోజు ముందటి రోజుకన్నా తక్కువే ఎక్కేవాడు. పైనుంచి దిగే వాళ్ళు చూస్తే తల వంచుకునేవాడు. అవ్వ మాత్రం పక్కన ఆగి, “అంగడి తెరిచే యాళయింది, పోదామా?” అని తోడుగా దిగేది. అంతే, ఎన్ని మెట్లని ఒక్కనాడూ అడగలేదు. ఆ ఒక్క దయకు ఆయన మనసులో వెయ్యిసార్లు దండం పెట్టుకున్నాడు.

శ్రావణం వచ్చేసరికి నాగవేణిని చంకనెత్తుకుని అంగడికి నడిచొచ్చాడు. వీధంతా చూసింది. భార్య గడపలో నిలబడి కళ్ళు తుడుచుకుంది.

కార్తీకంలో ఒకరోజు చూస్తే, ముందటి రోజు ఆగిన చోటికి పైన ఇంక పది మెట్లే మిగిలాయి. ఆగి, కూర్చుని, మళ్ళీ పాట అందుకుని ఎక్కాడు. శిఖరం చేరేసరికి ఎండ చుర్రుమంటోంది. శిష్యులంతా ఎప్పుడో దిగిపోయారు. బండ మీద అవ్వ ఒక్కతే కూర్చుని ఉంది, కొంగు తల మీద కప్పుకుని.

ఆయన ఆమె పాదాల మీద పడి పసిబిడ్డలా ఏడ్చాడు. “నువ్వు లేకపోతే నేను ఉండేవాణ్ణి కాదవ్వా,” అన్నాడు. కాసేపటికి తలెత్తి చూసి, “ఇంత ఎండలో ఇంకా దిగలేదేంటికవ్వా?” అని అడిగాడు.

అవ్వ ఆయన తల నిమిరింది.

“పొద్దు పొడిచేది చూసి పోదామని కూసున్నాలేప్పా.”