ఉన్నది లేదనే వాకిళ్ళు

అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పక్క రాజ్యపు రాకుమార్తె హేమలేఖను కరాళకేశుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఆమెను తెస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు. చిన్నవాడు జయంధరుడు ఏడు సముద్రాలూ దాటి మాంత్రికుడి గుహ చేరాడు.

గుహలో ఒకదాని వెనక ఒకటి మూడు వాకిళ్ళు. తలుపుల్లేవు. గాలి లేదు. అయినా లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టుంది.

పైన వేలాడుతున్న గబ్బిలం పలికింది. "రాకుమారా, లోపలి గదిలో ఆరిన దీపంతో కాలుపెట్టినవాడు రాయైపోతాడు. నీ అన్నలిద్దరూ అలాగే అయ్యారు."

"దీపాలు వెలిగించుకోకుండా పోయారా?"

"వెలిగించుకునే పోయారు."

జయంధరుడు వెలిగే దీపంతో మొదటి వాకిలి దాటాడు. "ఉన్నది లేదు," అని చెవి పక్కనే ఎవరో గుసగుసలాడారు. దీపం ఆరిపోయింది. వెనక్కి వచ్చాడు. "లేనిది ఉంది," అంది అదే గొంతు. దీపం దానంతటదే వెలిగింది.

అతను కూర్చుని ఆలోచించాడు. ఈ వాకిలి వెలుగును చీకటి చేస్తుంది, చీకటిని వెలుగు చేస్తుంది. రెండు దాటితే మళ్ళీ మొదటికే వస్తుంది. మూడు దాటితే తారుమారవుతుంది.

"అయితే నేను చీకటితోనే బయల్దేరతాను," అని దీపం ఊదేశాడు.

మొదటి వాకిట్లో దీపం వెలిగింది, రెండో వాకిట్లో ఆరింది, మూడో వాకిట్లో వెలిగింది. లోపల రాళ్ళైన అన్నలు, వాళ్ళ మధ్య హేమలేఖ. ఆమె చేతిమీద చిలుక, చిలుక మెడలో వెలుగుతున్న చిన్న ప్రమిద.

"ఆ మాంత్రికుడి ప్రాణం ఈ ప్రమిదలోనే ఉంది. నీళ్ళు పోసినా ఆరదు," అందామె.

"వాకిలి ఆర్పుతుంది. రా!"

మూలనుంచి మాంత్రికుడు పకపకా నవ్వుతూ లేచాడు. వాళ్ళు మూడో వాకిలి దాటారు. "ఉన్నది లేదు." ప్రమిద ఆరింది. నవ్వు సగంలో తెగిపోయింది.

"చచ్చాడా?" అంది హేమలేఖ.

"ఇంకా రెండు వాకిళ్ళున్నాయి."

రెండో వాకిలి దాటారు. "లేనిది ఉంది." ప్రమిద వెలిగింది. తెగిన నవ్వు తెగినచోటే అందుకుని వెనకనే వచ్చింది. చిలుక పెద్దన్న గొంతుతో ఏడ్చింది. "తమ్ముడూ, వెనక్కి రారా! నన్నొదిలి పోతావా?"

జయంధరుడి కాలు ఆగింది. చల్లటి వేళ్ళు మెడకు తగిలాయి.

"రాళ్ళకు గొంతుండదు!" అని హేమలేఖ అతని చెయ్యి పట్టి లాగింది. ఇద్దరూ మొదటి వాకిలి దాటి బయటపడ్డారు.

"ఉన్నది లేదు."

వెనక ఏదో బూడిదలా కుప్పకూలింది. ఏ వాకిలీ మళ్ళీ వెలిగించకుండా హేమలేఖ ఆ ప్రమిదను బండకేసి పగలగొట్టింది. కాసేపటికి అన్నలిద్దరూ కళ్ళు నులుముకుంటూ వచ్చారు.

జయంధరుడికీ హేమలేఖకూ వైభవంగా పెళ్ళయింది. చాలాకాలం చల్లగా రాజ్యమేలారు. చిలుక వాళ్ళ కిటికీలో జాంపళ్ళు తింటూ ముసలిదైంది. ఎవరెన్ని నేర్పినా ఒక్క మాటా పలకలేదు.