చుక్కికి దొరకని మందు

ఊఁ కొడతామంటే చెబుతాను పిల్లలూ. అనగనగా కొండల నడుమ ఒక చిన్న రాజ్యం. ఆ రాజ్యం పొలిమేరలో బీరయ్య అనే గొర్రెల కాపరి, అతని భార్య లింగవ్వ ఉండేవారు. వారికొక కుక్క. నుదుట తెల్లని చుక్క ఉన్నందున దాన్ని చుక్కి అని పిలిచేవారు.

చుక్కి తోడేలుకు కూడా జంకేది కాదు. వాగు పొంగితే గొర్రెపిల్లలను ఒక్కొక్కటిగా ఒడ్డుకు తోలేది. అది మంద దగ్గర ఉందంటే బీరయ్య నిశ్చింతగా కునుకు తీసేవాడు.

ఒక వానాకాలపు మధ్యాహ్నం మంద మీద పిడుగు పడింది. చుక్కి పక్కనున్న నాలుగు గొర్రెలు నిలబడ్డచోటే కూలిపోయాయి. చుక్కి ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. కానీ ఆనాటి నుంచి అది మునుపటి చుక్కి కాదు. మూకుడు కింద పడితే వణికేది. తలుపు కిర్రుమంటే గాదె కిందికి దూరేది. మందను చూస్తే నిలబడ్డచోటే ఉచ్చ పోసేసేది. తిండి మానేసింది. డొక్కలు ఎండి ఎముకలు తేలాయి.

"రాజధానిలో శూలపాణి అనే పశువైద్యుడు ఉన్నాడట. రాజుగారి ఏనుగులకు కూడా ఆయనే మందిస్తాడట. ఒకసారి చూపించుకురా," అంది లింగవ్వ.

బీరయ్య చుక్కిని గొంగడిలో చుట్టి భుజాన వేసుకుని రెండు రోజులు నడిచాడు. దారంతా అది అతని మెడలో ముక్కు దాచుకునే ఉంది. లోకంలో దానికి భయం కలిగించనివాడు అతనొక్కడే.

మొదటి రోజు వైద్యశాల వాకిట్లో కూర్చున్నారు. పట్టపుటేనుగు కాలికి ముల్లు గుచ్చుకుందని వైద్యుడు ఎవరినీ చూడలేదు. రెండో రోజు సేనాపతి గుర్రం దగ్గిందని అటు వెళ్ళిపోయాడు. ఏనుగు ఘీంకరించినా, గుర్రం సకిలించినా చుక్కి కళ్ళు మూసుకుని గడగడా వణికేది.

"ఇంకొక్క రోజు తల్లీ. ఆయన చూస్తే నీకు నయమైపోతుంది," అని బీరయ్య దాని చెవిలో చెబుతూ వచ్చాడు.

మూడో రోజు పిలుపు వచ్చింది. శూలపాణి ఎత్తైన పీట మీద కూర్చుని ఉన్నాడు. కిందికి దిగలేదు.

"ఏమైంది? దెబ్బ తగిలిందా?"

"లేదయ్యా. పక్కనే పిడుగు పడింది. భయం పట్టుకుంది."

"జ్వరమా?"

"కాదయ్యా, భయం."

శూలపాణి నవ్వాడు. "ఏనుగు పుండ్లు మాన్పే చేయి ఇది. కుక్క భయానికి నా దగ్గరికొచ్చావా? సరే, పసరు పోస్తాను. దాన్ని కింద పడేసి, మూతి కట్టి, గట్టిగా అదిమిపట్టు."

"మూతి కట్టొద్దయ్యా, బెదిరిపోతుంది. మీరు మెల్లగా దగ్గరికొచ్చి కాసేపు కూర్చుంటే..."

"వైద్యుడివి నువ్వా, నేనా?"

బీరయ్యకు మనసొప్పలేదు. అయినా అంత పెద్దవాడికి తెలియదా అనుకున్నాడు. తలపాగా చించి చుక్కి మూతి కట్టాడు. మోకాలితో అదిమాడు. వైద్యుడు పొడుగాటి వెదురు గొట్టం పెట్టి, దూరం నుంచే దాని ముక్కులో పసరు పోశాడు. చుక్కి పెనుగులాడలేదు. బీరయ్య ముఖంలోకి ఒక్కసారి చూసింది. ఆ చూపుకు అతను తల దించుకున్నాడు.

కాసేపటికి దాని కాళ్ళు వాలిపోయాయి, కళ్ళు తేలిపోయాయి.

"చూశావా, వణుకు ఆగిపోయింది! బయటివాళ్ళందరికీ చెప్పు," అన్నాడు శూలపాణి.

వాకిట్లో ఒక ముసలమ్మ బెదురు దూడను పట్టుకుని కూర్చుని ఉంది. "నయమైందా నాయనా?" అని ఆశగా అడిగింది.

బీరయ్య చుక్కిని గొంగడిలో చుట్టి భుజానికెత్తుకున్నాడు. "లేదమ్మా. దీని భయం పోలేదు, వణికే ఓపిక పోయింది. నీ దూడను ఇంటికి తోలుకుపో."

ముసలమ్మ లేచి దూడతో వెళ్ళిపోయింది. రాజవైద్యుణ్ణి నిందించాడని భటులు బీరయ్యను వాకిలి బయటికి గెంటేశారు.

సగం దారిలో చుక్కికి మెలకువ వచ్చింది. బీరయ్య ముఖం చూడగానే భుజం మీంచి దూకి ముళ్ళపొదలోకి దూరింది. అతను చేయి చాపితే, మందను చూసినప్పటిలాగే నిలబడ్డచోటే ఉచ్చ పోసేసింది.

బీరయ్య దారి మధ్యలో కూలబడి ఏడ్చాడు. "నన్ను నమ్మి నా భుజమెక్కినదాన్ని నేనే తొక్కిపట్టాను," అనుకున్నాడు. అతను నాలుగడుగులు వేసి ఆగితే, అది దూరంగా నాలుగడుగులు వేసి ఆగేది. రెండు రోజుల దారి అలా ఐదు రోజులైంది.

"నయమైందా?" అని లింగవ్వ గుమ్మంలోంచి అడిగింది.

"లేదు. ఉన్న ఒక్కటీ పోగొట్టుకొచ్చాను," అన్నాడు బీరయ్య.

ఆ తరువాత అతను దాన్ని పిలవలేదు, పట్టుకోబోలేదు. మంద నుంచి రాగానే గంజి ముంత పెరట్లో పెట్టి, వీపు దానివైపు తిప్పి కూర్చునేవాడు. వానలు వెళ్ళాయి. చలికాలం వచ్చింది. పెరట్లో ఇద్దరి మధ్య ఆ జాగా అలాగే ఉంది. లింగవ్వ చూసి చూసి కొంగుతో కళ్ళు తుడుచుకునేది.

ఎండాకాలం ముదిరాక ఒకనాడు చుక్కి వచ్చి, అతని వీపుకు తన వీపు ఆనించి కూర్చుంది. బీరయ్య కదలలేదు. తిరిగి చూడలేదు. నిమరాలని చేతులు లాగుతున్నా ఒడిలోనే ఉంచుకున్నాడు.

చుక్కి మళ్ళీ ఎన్నడూ మంద దగ్గరికి వెళ్ళలేదు. ఉరిమినప్పుడల్లా చచ్చేదాకా వణుకుతూనే ఉంది. బీరయ్య కళ్ళలోకి మాత్రం మరి ఎప్పుడూ చూడలేదు.

అందుకే పిల్లలూ, ఎంత గొప్పవాడు చెప్పినా సరే, మన మనసుకు తప్పని తోచిన పనిని మనల్ని నమ్మిన ప్రాణి మీద చేయకూడదు.