సాలీడు దారంలో వేల పోగులు

రండి రండి, దగ్గరికి జరగండి. తల్లీ సుభాషిణీ, తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకో. స్వామికి ఓ దణ్ణం పెట్టుకుని వినండి. ఇది చాలా చిన్న ప్రాణి కథ. ఆయన కంట పడనంత చిన్న ప్రాణి ఏదీ లేదు కదా!

ఒకప్పుడు సాలీడు దారం ఒంటిపోగు. గాజుపుల్లలా బిర్రుగా ఉండేది. ఎండలో భలే మెరిసేది. కానీ గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, టప్పున తెగేది.

ఆ రోజుల్లో ఓ సాలీడమ్మ, కాలవ మీదికి వంగిన కొబ్బరాకుకి తన గుడ్లసంచి వేలాడగట్టింది. మూడు వందల గుడ్లు! కింద నీళ్ళలో కొరమీను కాచుకుని ఉంది.

"వదినా, నీకెందుకమ్మా పిల్లలతో అవస్థ? ఒక్కసారి కిందికి వదిలెయ్. నేను ఆడిస్తాగా!"

"తెలుసులే మరిదీ. నీ కడుపులోనేగా ఆడించేది?"

ఆ మాట అంటుండగానే, టప్! దారం తెగింది. సాలీడమ్మ ఒక్క ఉదుటున సంచిని ఒడిసి పట్టుకుంది. దేవుడు ఎనిమిది కాళ్ళిచ్చాడు కాబట్టి సరిపోయింది!

గాలి చిన్నబోయింది. "నన్ను తిట్టకమ్మా. వీచమని నాకు పైవాడి ఆజ్ఞ. సాయంత్రానికి సముద్రం మీంచి మా అన్న వస్తున్నాడు, పెనుగాలి. ఈలోపే ఏదో ఒకటి చూసుకో."

సాలీడమ్మ గబగబా చుట్టూ చూసింది. కాలవగట్టున పల్లాలమ్మ అనే ముసలమ్మ కొబ్బరిపీచుతో తాడు పేనుతోంది. సాలీడమ్మ సంచిని పట్టుకుని ఆమె దగ్గరికి పాకింది.

"మామ్మా! ఆ పీచు వేలితో లాగినా తెగుతుంది. నీ తాడేమో పడవనే ఆపుతుంది. ఎలాగే?"

"ఒంటిపోగు మీద బరువంతా వేస్తే తెగక ఏం చేస్తుందే? నా తాట్లో ఎన్ని పోగులున్నాయో చూడు. తలా కాస్త మోస్తాయి. ఒకటి తెగినా పక్కది పట్టుకుంటుంది."

"నాకు పేనడం రాదు కదా!"

"రాకపోతే మానె. పక్కపక్కన పడుకోబెట్టు, చాలు."

సాలీడమ్మ "స్వామీ, నీదే భారం" అనుకుని, కంటికి ఆననంత సన్నని పోగులు వేలకు వేలు తీసింది. పక్కపక్కన చేర్చి ఒక్క దారం చేసి, వీణతీగలా బిగించి చూసింది. గాలి మెల్లగా ఊదింది.

అన్నీ కలిసి టప్!

పల్లాలమ్మ పకపకా నవ్వింది. "ఓసి పిచ్చిమొహమా, అంత బిగిస్తారటే? పడవ కట్టేటప్పుడు నేను తాడుకి కాస్త వదులిస్తాను. అలొస్తే పడవతోపాటు అదీ కాస్త వెళ్ళాలిగా!"

ఈసారి సాలీడమ్మ ప్రతి పోగులోనూ బియ్యపు నూకలాంటి ఓ గట్టి పలుకు, దాని పక్కన ఓ మెత్తని మెలిక, మళ్ళీ ఓ పలుకు, ఇలా పెట్టుకుంటూ పోయింది. పలుకు పట్టుకోడానికి. మెలిక సాగడానికి. ఆ దారంతో సంచిని మళ్ళీ కొబ్బరాకుకి కట్టేసరికి ఆకాశం నల్లబడింది.

పెనుగాలి రానే వచ్చింది! కొబ్బరాకులు విలవిల్లాడాయి. దారం సాగింది. ఇంకా సాగింది. సంచికీ నీళ్ళకీ మధ్య జానెడే మిగిలింది. కొరమీను నోరు బార్లా తెరిచింది. ఇక బెత్తెడే...

ఆగింది!

గట్టి పలుకులన్నీ ఒక్క పట్టు పట్టాయి. గాలి తగ్గగానే మెలికలు ముడుచుకున్నాయి. సంచి మెల్లమెల్లగా పైకి వెళ్ళింది.

"హమ్మయ్య!" అని ఓ పెద్ద నిట్టూర్పు వినిపించింది. ఎవరిదనుకున్నారు? సాలీడమ్మది కాదు, ఆమె అప్పటికే సంచి దగ్గరికి పాకుతోంది. ఆ నిట్టూర్పు ముందొచ్చిన చిన్నగాలిది! గట్టు మీద పల్లాలమ్మ ఆకాశం వైపు చేతులు జోడించింది.

"సర్లే వదినా, పిల్లలు పుట్టాక ఓసారి చూపించు" అంది కొరమీను, నోరు మూసుకుంటూ.

"చూపిస్తాలే, దూరం నుంచి!"

అప్పటినుంచే సాలీడు దారం మన వెంట్రుక కంటే సన్నగా ఉన్నా, దాని లోపల కంటికి అందని వేల పోగులు పక్కపక్కన ఉంటున్నాయి. ఆ పోగుల్లో గట్టి పలుకులూ, మధ్యమధ్య మెత్తని మెలికలూ ఉంటున్నాయి. అందుకే ఆ దారం గాలికి ఊగుతుంది, సాగుతుంది, అంత తేలిగ్గా తెగదు.

పిల్లలూ, ఆ పోగులు చేసిన పని ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బరువు దగ్గరికి చేరాయి, తలా కాస్త పట్టుకున్నాయి. ఇవాళే మీరూ ఆ పని ఒకసారి చెయ్యండి. అదిగో, మనకి చాపలు పరిచిన వరహాలుగారు ఇవన్నీ ఒక్కరే మోసుకెళ్దామని చూస్తున్నారు. లేవండి, లేవండి!