కామడో అడుగులు

అనగనగా తూర్పు సముద్రం నడుమ ఒక దీవి. ఆ దీవిలో కత్తి పట్టడం నేరం. అందుకని అక్కడివాళ్ళు ఉత్త చేతులతో తమను కాచుకునే విద్య నేర్చారు. మనం కరాటే అంటామే, అలాంటిది.

ఆ విద్యకు అక్కడ మూడు బడులుండేవి. మూడింటికీ ఒకటే ఆచారం. సాధనకు ముందు తమ గురువుల పేర్లన్నీ, మొట్టమొదటి గురువు దాకా చెప్పి, దణ్ణం పెట్టాలి.

ఒకనాడు రాజు దండోరా వేయించాడు. "ఏ బడి గురుపరంపర నిజమైనదో ఆ బడి ఉంటుంది. మిగతావి మూసేస్తాం."

మూడు బడుల్లోకీ చిన్నది నబే అనే గురువమ్మది. పల్లెకారుల పిల్లలే ఆమె శిష్యులు. వాళ్ళు కంగారుపడ్డారు.

"గురువమ్మా, మన మొదటి గురువు కామడో. చేపలు ఎండబెట్టుకునే మనిషి. రాజుగారి ముందు ఆ పేరేం చెబుతాం? ఎవరైనా సేనాపతి పేరు పెడదాం. ఏం పోతుంది?"

"కామడో పోతుంది," అంది నబే.

మర్నాడు సభ నిండిపోయింది.

మొదట పెద్దబడి గురువు సన్రా లేచాడు. "మహారాజా, మా మొదటి గురువు దేవలోకపు సేనాపతి!" సభ చప్పట్లు కొట్టింది.

తర్వాత కొండబడి గురువు జిరూ లేచాడు. "మా మొదటి గురువు సముద్రం అడుగునుండే నాగరాజు!" సభ ఇంకా గట్టిగా కొట్టింది.

చివరికి నబే లేచింది.

"మా మొదటి గురువు కామడో, ప్రభూ. చేపలు ఎండబెట్టేది. ఓడదొంగలు వచ్చిననాడు ఆమె వీపున పసిబిడ్డ ఉంది. వెనక్కి తిరిగితే బిడ్డకు దెబ్బ. వెల్లకిలా పడితే బిడ్డ నలిగిపోతుంది. తిరక్కుండా, పడకుండా, ఎదురుగా చూస్తూ ఒక్కో అడుగే వెనక్కి వేసింది. వచ్చిన దెబ్బనల్లా చేత్తో పక్కకు తోసింది. ఇల్లు చేరింది. ఆ అడుగులే మా విద్య."

"వెనకడుగుల విద్యటర్రా!" అన్నాడు సన్రా. సభంతా నవ్వింది.

రాజు నవ్వలేదు. "సాక్ష్యం ఏమిటమ్మా?"

"మా అడుగులే ప్రభూ. వీపున బిడ్డను కట్టి చూడండి."

సభలో ఎవరూ బిడ్డనివ్వలేదు. అప్పుడు రాణి లేచింది. ఆమె ఒళ్ళో మూడు నెలల కొడుకు.

"ఇప్పుడే నిద్రపోయాడు. లేపావో, నిన్ను కాదు, నన్ను చంపుతాడు," అంటూ తనే నబే వీపున కట్టింది.

నబే మొదలుపెట్టింది. వెనక్కి, పక్కకి, మళ్ళీ వెనక్కి. చేతులు గాలిని కోస్తున్నాయి. వీపు మాత్రం ఊయలలా మెల్లగా ఊగుతోంది. అడుగులన్నీ పూర్తయ్యాయి. బిడ్డ కదల్లేదు. పెదవి చివర చిన్న నవ్వు మాత్రం వచ్చింది.

రాణి గబగబా బిడ్డను అందుకుని గుండెకు హత్తుకుంది.

రాజు మిగతా ఇద్దరివైపు తిరిగాడు. "మీరూ కట్టుకుంటారా?"

సన్రా విద్యలో ప్రతి అడుగుకీ నేల అదిరేలా తన్నాలి. జిరూ విద్యలో ప్రతి దెబ్బకీ కేక పెట్టాలి. ఇద్దరూ తలలు దించుకున్నారు.

"అయితే ఆ రెండు బడులూ మూయించండి," అన్నాడు రాజు.

"వద్దు ప్రభూ," అంది నబే. "వాళ్ళ విద్య మంచిదే. పేర్లే కల్పన. అసలు ఎవరు నేర్పారో అడగండి."

రాజు ఇద్దరినీ అడిగాడు. చివరికి సన్రా గొణిగాడు. "మా ముత్తాతకు... ఒక వంటవాడు నేర్పాడు."

"మా వాళ్ళకు ఉప్పు మోసే కూలీ," అన్నాడు జిరూ.

"వాళ్ళ పేర్లు?" అన్నాడు రాజు.

చెప్పారు. చెబుతుంటే ఇద్దరి కళ్ళూ చెమర్చాయి.

"రేపటినుంచి ఆ పేర్లకే దణ్ణం పెట్టండి. మూడు బడులూ ఉంటాయి," అన్నాడు రాజు.

పిల్లలూ, మనకు నేర్పినవాళ్ళు ఎంత చిన్నవాళ్ళైనా వాళ్ళ పేరు దాచకూడదు. ఆ పేరు నిజంగా చెప్పుకున్నప్పుడే మన విద్య నిలుస్తుంది.